తార్రోడ్డు ఎక్కిన భూషయ్య

ఒరేయ్, నీకే చెప్తున్నాను, అటూ ఇటూ చూడకు! నున్నగా కనబడ్డ దారల్లా మంచిదేనని ఎగబడతావు. ఎవడో పొగిడితే చాలు, సొంత మోకాళ్ళు మొరపెట్టుకున్నా వినవు. నీకంటే ఆ గుర్రం నయం, ఆలస్యంగానైనా బుద్ధి తెచ్చుకుంది. కూర్చుని విను.

రోడ్డు పక్క ఒక తోట. అందులో కోళ్ళకు కాపలా భూషయ్య అనే ముసలి గుర్రం. రోజూ పొద్దున్నే కంచె వెంబడి మెత్తటి మట్టిలో పరుగు తీసేవాడు. అతని అలికిడి తగిలితే చాలు, చలమయ్య నక్క తోక ముడిచేవాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. కోడిమాంసం రుచే మర్చిపోతానేమోనని చలమయ్యకు బెంగ పట్టుకుంది.

ఒకనాడు కంచె అవతల చేరి, "ఏం బావగారూ, ఇంత పేరున్నవారు గేదెలాగా ఈ మట్టిలో పొర్లుతారేం?" అన్నాడు. "కొత్తగా తార్రోడ్డు వేశారు, అద్దంలా ఉంది. అంతకంటే మంచి దారి లోకంలో లేదు. దానిమీద మీరు పరిగెడితే టకటకమని ఊరంతా వినబడదూ!"

గూట్లో కోళ్ళన్నీ ఈ మాట విన్నాయి. భూషయ్యకు మాత్రం ఆ టకటక తలుచుకుంటేనే ఒళ్ళు పులకరించింది. మర్నాడే రోడ్డెక్కాడు. చప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. దాంతోపాటు డెక్కల నుంచి మోకాళ్ళ దాకా పోటూ వచ్చింది. ఇంకాస్త పరిగెడితే అదే పోతుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. నెల తిరక్కుండా మోకాళ్ళు గుమ్మడికాయలయ్యాయి.

చలమయ్య పొద్దున్నే దర్జాగా వచ్చి ఒక పెట్టను కరుచుకుపోయాడు. భూషయ్య లేవబోయి చతికిలబడ్డాడు.

"మావా, ఆ పోయింది మా అక్క," అంది నాంచారి పెట్ట. "రేపు నేనా, నా పిల్లలా? ఏదీ నీ టకటక?"

పక్కనే నెమరేస్తున్న ఎర్రన్న ఎద్దు నోరు విప్పాడు.

"మట్టి నీ అదురు సగం తను మింగేదిరా. తారు మింగదు, తిరిగి నీ కీళ్ళకే కొడుతుంది."

"అయితే ఇప్పుడే ఆ మట్టిలోకే దూకుతాను!"

"దూకు. నరాలు పట్టేసి అక్కడే పడుంటావు, నిన్ను ఈడ్చుకొచ్చే పని నాకు. ముందు గడ్డిమీద నడు. నొప్పి తగ్గాక మెల్లగా మట్టిలోకి దిగు."

భూషయ్య అలాగే చేశాడు. అన్నాళ్ళూ ఎర్రన్న కోళ్ళగూటి తలుపుకి అడ్డంగా పడుకున్నాడు. మోకాళ్ళు కుదుటపడ్డాక కూడా, నక్క కనబడితే మాత్రం భూషయ్య కావాలనే మునుపటిలాగే కుంటేవాడు.

ఎండలు ముదిరాక ఎర్రన్న నక్కను పిలిచాడు. "చలమయ్యా, వంతెన దాకా మావాడితో పందెం. నువ్వు గెలిస్తే ఈ తలుపు దగ్గర్నుంచి లేచిపోతాను. ఓడితే ఈ ఛాయలకు రాకూడదు."

చలమయ్య ఆ కుంటి నడక చూసి పళ్ళికిలించాడు. "ఎప్పుడు?"

"మిట్టమధ్యాహ్నం. రోడ్డంతా నీదే. మావాడు పక్కన మట్టిలో పడొస్తాడు."

"రోడ్డెందుకు, నేనూ మట్టిలోనే..."

"అదేంటి బాబాయ్, లోకంలో అంతకంటే మంచి దారి లేదన్నావుగా!" అంది నాంచారి. కోళ్ళన్నీ కొక్కొక్కోమన్నాయి.

ఇక కాదంటే పరువు పోతుంది. పైగా ఎండ వేళంతా పొదలో గురకపెట్టే నక్కకు ఆ వేళ రోడ్డెలా ఉంటుందో ఏం తెలుసు? సరేనన్నాడు.

పరుగు మొదలైంది. కాస్త దూరం చలమయ్య దూసుకుపోయాడు. అప్పటికే తారు కరిగి జిగటగా ఉంది. "అమ్మోయ్!" ఒక కాలెత్తితే ఇంకో కాలు అంటుకుంటోంది.

"బాబాయ్, చిందులు కూడా నేర్చావా!" అని వెనక నుంచి నాంచారి.

భూషయ్య తొందరపడలేదు. ఒక్కో అడుగుకీ మోకాళ్ళ మాట వింటూ, మెత్తటి మట్టిలో సాగి, నక్కను దాటి వంతెన చేరాడు.

ఏ నేల తన కాళ్ళకు పడుతుందో తన కీళ్ళనే అడగాలి గాని, పొగిడేవాణ్ణి కాదు.

చలమయ్య అరికాళ్ళ తోలు ఆ తారుకే వదిలేశాడు. ఆ వేసవంతా డేకుతూ, రాలిన ఈతపండ్లు ఏరుకు తిని బతికాడు.