తొమ్మిది బొట్ల గొట్టం

"ఈ తుప్పు గొట్టానికి మొదటి బొట్టు దేనికి మేస్త్రీ?" అని శిష్యుడు ముత్యాలు ఆరు దసరాలుగా అడుగుతూనే ఉన్నాడు. దాలయ్య మేస్త్రి ఆరు దసరాలుగా జవాబు చెప్పకుండా కుంకుమ కలుపుకుంటూనే ఉన్నాడు.

ఘాట్ రోడ్డు ఎక్కడ మొదలవుతుందో అక్కడ దాలయ్య షెడ్డు. ఆయుధపూజ నాడు ఏ షెడ్డులోనైనా జాకీకీ, పానాలకీ, సుత్తికీ బొట్లు పెడతారు. ఇక్కడ మాత్రం అమ్మవారి పటం పక్కన మేకుకి వేలాడే పాత స్టీరింగ్ డ్యాంపర్ ముందుగా కిందికి దిగాలి. స్టీరింగులో పుట్టిన అదురు చేతికి తెలియకుండా మింగేసే మూరెడు గొట్టం అది. మధ్యలో వంగిపోయి ఎందుకూ పనికిరాకుండా ఉంది. దాని మీద దాలయ్య ఒకటి కాదు, వరసగా తొమ్మిది బొట్లు పెట్టేవాడు. బొట్టు బొట్టుకీ ఆయన పెదవులు కదిలేవి, మాట మాత్రం పైకి వచ్చేది కాదు. "నవగ్రహాలా మేస్త్రీ?" అని ముత్యాలు నవ్వేవాడు. పెద్దాయన నవ్వేవాడు కాదు. ఏదో మంత్రం కాబోలనుకున్నాడు ముత్యాలు. అయ్యా, అమ్మా, ఆ పక్కన నిలబడి ఉంటే మనమూ అదే అనుకుందుము. దేవుడి ముందు కదిలే పెదవుల వెనక ఏముందో ఆ తల్లికి తప్ప ఎవరికి తెలుస్తుంది?

ఏడో దసరాకి ముందు దాలయ్య నాలుగు రోజులు ఉపవాసముండి షెడ్డుకి రాలేదు. సరిగ్గా అప్పుడే కొర్రా బలరాం జీపు వచ్చింది. కొండ మీది సంతకి జనాన్ని ఎక్కించుకుపోయే బండి అది. చూడ్డానికి సింహంలా ఉండాలని బలరాం దానికి ఎత్తు టైర్లు వేయించాడు, చక్రాలు బయటికి పొడుచుకొచ్చేలా దిమ్మలు పెట్టించాడు, కమాను కట్టలకి రెండేసి పట్టీలు అదనంగా చేర్పించాడు. నెల తిరక్కుండా స్టీరింగ్ అదరడం మొదలెట్టింది. ముత్యాలు చక్రాలు బ్యాలెన్సు చేశాడు, అలైన్‌మెంటు చూశాడు. అదురు పోలేదు. అప్పుడు పట్నం నుంచి చేతి మణికట్టంత లావు కొత్త డ్యాంపర్ తెప్పించి బిగించాడు. అంతే, బండి నిలిచిన నీళ్ల మీద పడవలా పోయింది. గురువు లేకుండా సొంతంగా గెలిచిన మొదటి పని అది. ఇంటికెళ్లి భార్యతో చెప్పుకున్నాడు కూడా.

పండగ పొద్దున్న జీపుకి బంతిపూల దండ వేశారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఎదుటి టీ కొట్టు దగ్గర సంతకి వెళ్లే పదహారు మంది మూటలతో కాచుకుని ఉన్నారు. నిమ్మకాయలు చితికితే చాలు, బయల్దేరడమే.

దాలయ్య పాత గొట్టానికి బొట్లు పెట్టడం ముగించాడు. ఈసారి దగ్గరగా నిలబడ్డ ముత్యాలుకి చివరి బొట్టు దగ్గర "బుజ్జమ్మ" అన్నట్టు వినిపించింది. మంత్రంలో బుజ్జమ్మేమిటి అనుకునేలోగా పెద్దాయన కుంకుమ గిన్నెతో జీపు దగ్గరికి నడిచాడు. బంపరుకి బొట్టు పెట్టబోయి వంగి, లోపల మెరుస్తున్న కొత్త డ్యాంపర్‌ని చూశాడు. వేలు గాలిలోనే ఆగిపోయింది.

"అదురు ఎప్పుడొచ్చేది? బ్రేకు మీదా, గుంటలో పడ్డాకా?"

"గుంటలో పడ్డాకే మేస్త్రీ. నలభై అయిదు దాటితే."

"సీటులోనా, చేతుల్లోనా?"

"చేతుల్లోనే. భుజాలు ఊడొచ్చేసేవి. ఇప్పుడు చిటికెన వేలితో తోలొచ్చు," అన్నాడు ముత్యాలు, గర్వం దాచుకోలేక.

"ఎందుకొచ్చింది?"

"ఇప్పుడు లేదు కద మేస్త్రీ."

"లేదా అని నేనడగలేదు."

దాలయ్య కుంకుమ గిన్నె కింద పెట్టి, "జాకీ తే," అన్నాడు.

"పూజ చేసిన బండికి జాకీ ఏటి తాతా! ఉపాసాలుండి నీకు కళ్లు తిరుగుతున్నాయేటి?" అని బలరాం గొడవ పెట్టుకున్నాడు. టీ కొట్టు దగ్గర జనం నవ్వారు. దాలయ్య అతన్నే సీటులో కూర్చోబెట్టి బ్రేకు తొక్కి పట్టమన్నాడు. ముందు కుడి చక్రం గాలిలోకి లేచింది. నిమ్మకాయ చెక్కుచెదరకుండా నేల మీదే ఉండిపోయింది.

"పైనొక చెయ్యి, కిందొక చెయ్యి. లాగు."

ముత్యాలు లాగాడు. టక్. మళ్లీ లాగాడు. టక్. బ్రేకు పట్టి ఉన్నా చక్రం ఊగుతోందంటే చక్రం బేరింగు కాదు. చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే కింగ్ పిన్నే వదులైంది. ముత్యాలు చక్రం ఊడదీసి, మూత విప్పాడు. కింగ్ పిన్ను అడుగున ఉండే బేరింగులో గుండ్లు నలిగి పొడైపోయాయి. గ్రీజు ఎర్రటి తుప్పు ముద్దలా వేళ్లకి అంటుకుంది. దిమ్మలతో బయటికి జరిగిన ఆ పెద్ద చక్రాల బరువు రోజూ తిన్నది ఆ బేరింగే. ఘాట్ మలుపులో అది విరిగితే చక్రం బండిని వదిలేస్తుంది. అదురుతూ అది చెప్పబోతుంటే, కొత్త డ్యాంపర్ బిగించి తను దాని నోరు మూసేశాడు.

"అదురు లేదు కద! ఈ ట్రిప్పు దింపేసి తెస్తాను తాతా. సంత పోతే వారం పోయినట్టే," అన్నాడు బలరాం.

"సంత మళ్లీ వారం వస్తది," అని దాలయ్య తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

బలరాం తిట్టాడు. టీ కొట్టు దగ్గర జనమూ తిట్టుకుంటూ మూటలెత్తుకుని బస్సు ఆగే చోటికి నడిచారు. కోడిపుంజుని చంకలో పెట్టుకున్న ముసలమ్మ, పాలు తాగుతూ నిద్రపోయిన బిడ్డని భుజానేసుకున్న తల్లి, కొత్త చొక్కా తొడుక్కున్న పెళ్లికొడుకు లాంటివాడు ఒకడు. ముత్యాలు వాళ్లని ఒక్కొక్కర్నీ లెక్కపెట్టుకున్నాడు. తన వేళ్లకేసి చూసుకుంటే అంటిన తుప్పు కుంకుమ రంగులోనే ఉంది.

వెనక నుంచి దాలయ్య వచ్చి పాత గొట్టాన్ని అతని చేతుల్లో పెట్టాడు. బొట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. వంపు దగ్గర అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి.

"ఇది ఎవరి బండిది మేస్త్రీ?" అన్నాడు ముత్యాలు.

"ఎవరు బిగించారో అడుగు."

ముత్యాలు వేలు ఒక్కో బొట్టునీ దాటి చివరి దాని దగ్గర ఆగింది: బుజ్జమ్మ మంత్రం కాదు, మనిషి. పెద్దాయన ఘాట్ వైపు చూశాడు. తర్వాత నిమ్మకాయని నేల మీంచి తీసి, మట్టి తుడిచి, అమ్మవారి పటం ముందు పెట్టాడు.

"ఆ బండీ అదరలేదురా, ఘాట్ మలుపు దాకా," అన్నాడు. "మేకుకి తగిలించెయ్యి. పదో బొట్టుకి దాని మీద చోటు లేదు."