చుక్క బరువు

చుక్క చేసిన పొరపాటు ఒక్కటే. తనను కదలనివ్వని బరువంతా తన ఒంట్లోనే ఉందనుకుంది.

వాగు అవతల లంకలో మంచి పచ్చిక. రోజూ నలభై గేదెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వాగు దాటేవి. నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క, దూడను పక్కన పెట్టుకుని నడిమధ్యలో నడిచేది. నీళ్లు ఎంత తోసినా దాని గిట్ట జరిగేది కాదు.

"కొండ కదిలినా నువ్వు కదలవత్తా!" అంది ఒడ్డునున్న నక్క. దాని చూపు మాత్రం దూడ మీదే ఉంది.

"నా బరువు అలాంటిది, అల్లుడూ."

"ఏం లాభం? ఆ గుంపులో ఎవరి బరువు ఎవరిదో ఎవరికి తెలుసు? ఎగువ రేవులో ఒక్కదానివే దాటి చూపించు. అందరి నోళ్లూ మూతపడతాయి."

మందలోని ముసలి గేదె, ఒంటికొమ్ము అవ్వ, ఆ మాట వింది. "పిల్లా, నిన్ను నిలబెడుతోంది నువ్వొక్కదానివే కాదే."

"రోజూ రొప్పుకుంటూ అందరికన్నా ఆఖర్న చేరేదానివి, నువ్వా నాకు చెప్పేది?"

మర్నాడు చుక్క దూడతో ఎగువ రేవులో దిగింది. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఐదో అడుగుకి గిట్ట కింద ఇసుక జారింది. ఏ బరువు చూసుకుని మురిసిందో, ఒకసారి కదిలాక ఆ బరువే దాన్ని ఆగనివ్వలేదు. "అమ్మా!" అంటూ దూడ కొట్టుకుపోయింది.

గోతికాడ నక్క అంటారు గానీ, ఈ నక్క దిగువ మలుపులో కాచుక్కూర్చుంది. ఈపాటికి మంద లంకకు చేరి ఉంటుందని దాని లెక్క. కానీ చుక్క వచ్చేదాకా ఎవరూ కదలొద్దని అవ్వ మందను మామూలు రేవు నీళ్లలోనే ఆపేసింది. దూడ వచ్చి అవ్వ డొక్కకు తగిలి ఆగింది. వెనకాలే చుక్క. మంద అంగుళం జరగలేదు.

చుక్క ఊపిరి తీసుకుని చూసింది. అవ్వకు ఇటు నీళ్లు విరుచుకుపడుతున్నాయి. అటు, మంద మధ్యలో, చెరువులా నిదానంగా ఉన్నాయి.

"ఎగువ అంచున ఇన్నాళ్లూ ఉన్నది నువ్వా? అందుకా ఆ రొప్పు?"

"నేనొక్కదాన్ని ఏం చేస్తానే? నాకు వీళ్లందరి ఆసరా. నీకు కనపడనంత దూరాన ఉన్నవాళ్లు కూడా నీ గిట్టను పట్టుకునే ఉన్నారు."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఏరు దాటాక ఓడ మల్లయ్య అందరికీ బోడి మల్లయ్యేగా! ఎవరికి చెప్పను?"

మలుపులో నక్క పొద్దెక్కేదాకా చూసి, పీతలు ఏరుకుని పోయింది.

మనల్ని నిలబెట్టే బరువంతా మన ఒంట్లోనే ఉండదు.

మర్నాటి నుంచి ఎగువ అంచున చుక్కే నడిచింది. బతికినన్నాళ్లూ లంకకు అందరికన్నా ఆఖర్న, రొప్పుకుంటూ చేరింది.