దున్నపోతు కల్లోకొస్తే

మీరు నమ్మరండి. గోదారి మీద ఒట్టేసి చెప్పినా నమ్మరు. పర్లేదు, నమ్మనోళ్ళకి చెప్పడమే నాకు సరదా. రెండో తరగతిలోనే బడి నాకు దణ్ణం పెట్టి ఇంటికి పంపేసింది గానీ, జంతువుల మాట నాకు అర్థమైనంతగా కలెక్టరుగారిక్కూడా అర్థం కాదు.

గోదారి మధ్య లంకలో ఒక పశువుల మకాం ఉండేది. అందులో ఒక దున్నపోతు, ఒక మేక, ఒక గాడిద, ఏడు పిల్లల తల్లి ఎర్రపెట్ట. దున్నపోతుది పెద్ద ఒళ్ళు, చిన్న మాట. రోజూ కోళ్ళగూడు తలుపుకి అడ్డంగా పడుకునేది. అది పడుకుందంటే గూట్లోకి గాలి దూరాలన్నా అడిగి దూరాల్సిందే.

ఆ గూటి మీద ఒక నక్కకి ఏడాదిగా కన్ను. దున్నపోతుని కదిపే బలం లేక, జోస్యం మొదలెట్టింది. ఎక్కడో దొరికిన చిరిగిన పంచాంగం ముందేసుకుని గడ్డివాము కింద కూర్చుంది. పాము కల్లోకొస్తే పిల్లలు పుడతారంది. ఏనుగొస్తే పెళ్ళి కుదురుద్దంది. ఎలకొస్తే ఏంటని అడిగితే, మీ ఇంట్లో పిల్లి లేదని అంది. జనం, అదే జంతువులు, ఎగబడ్డాయి.

ఒకరోజు పొద్దున్నే ఎర్రపెట్ట నక్క దగ్గరకి పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, తెల్లారగట్ల కలొచ్చిందండి."

"తెల్లారగట్ల కలైతే జరిగి తీరుద్ది చెల్లెమ్మా. ఏం కనపడింది?"

"మా దున్నపోతు మావయ్యండి. గూటి ముందు నిలబడి నావంకే చూస్తన్నాడు."

నక్క పంచాంగం మూసేసింది. కాసేపు ఆకాశం చూసింది.

"దున్నపోతు ఎవరి బండి చెల్లెమ్మా?"

"యముడిదండి."

"బండొచ్చి గుమ్మం ముందు ఆగిందంటే, ఎక్కాల్సినోళ్ళు లోపలున్నట్టే కదా. మూడ్రోజులు. నీ ఏడుగురు పిల్లలూ."

పెట్ట రెక్కలు జోడించింది. "ఏం చెయ్యమంటారండి?"

"బండిని గుమ్మం ముందు నించి తీసెయ్యి. సాయంత్రానికల్లా ఆడు ఏరు దాటి ఎళ్ళిపోవాలి."

ఈ మాట ఇన్న మేక, "మొన్న నాక్కూడా కల్లో కనపడ్డాడు. అప్పటి నించీ ఒకటే దగ్గు" అంది. గాడిద, "ఆడి కొమ్ములు చూస్తే నాకు ముందు నించీ అనుమానమే" అంది. అందరూ కట్టగట్టుకుని, నక్కని వెంటబెట్టుకుని దున్నపోతు దగ్గరకెళ్ళారు.

"మావయ్యా, నువ్వంటే నాకు ప్రాణమే. కానీ పిల్లలు..." అని పెట్ట ఏడ్చింది.

దున్నపోతు నెమరేస్తానే ఉంది. "పిల్లలకి మంచిదైతే ఎళ్తానమ్మా. బురద ఎక్కడైనా దొరుకుద్ది." ఇంకో నాలుగుసార్లు నమిలి నక్కవైపు తిరిగింది. "ఎళ్ళేముందు ఒక్క మాట బావా. అన్నిటికంటే అదృష్టమైన జంతువేది?"

నక్క ఛాతీ ఉబ్బింది. "పంచాంగం ఎందుకు బావా, లోకమే చెప్తంది. ఎవడికైనా మంచి సంబంధం కుదిరితే ఏమంటారు? నక్క తోక తొక్కొచ్చాడ్రా అంటారు. ఏనుగు తోకన్నారా? ఆవు తోకన్నారా?"

"తొక్కితే యముడైనా ఎనక్కెళ్తాడా?"

"ఎళ్ళడమేంటి, తొక్కినోడి వీధి పేరు కూడా మర్చిపోతాడు."

"ఇన్నావా అమ్మా?" అంది దున్నపోతు పెట్టతో.

పెట్ట కళ్ళు తుడుచుకుంది. "అయితే అన్నయ్యగారూ, ఆ తోక ఇలా పెట్టండి."

నక్క నోరు తెరిచింది. కాదంటే చెప్పిందంతా అబద్ధమైపోద్ది. కోడి కాలే కదా అని తోక చాపింది. పెట్ట తొక్కింది. పిల్లలు ఏడూ తుపుతుపుమని తొక్కాయి. మేక తొక్కింది, దగ్గు తగ్గిందంది.

"ఇంక బావ బయల్దేరొచ్చు" అంది నక్క.

"దోషం నాలోనే ఉంటే, నేను తొక్కకపోతే ఎట్టా?" అంటా దున్నపోతు కాలు పెట్టింది. పెట్టి, అలాగే ఉంచింది.

"తియ్ బావా."

"అదృష్టం పట్టనీ."

"పట్టేసింది బావా."

"నాకింకా తెలీట్లేదే. నాది మందం చర్మం."

నక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దున్నపోతు తాపీగా అడిగింది. "దున్నపోతు కల్లోకొస్తే ఏమౌద్దన్నావ్?"

"వానలు పడతాయి."

కాలు ఇంకాస్త దిగింది.

"పంటలు. పాడి. పిల్లాపాపా చల్లగా ఉంటారు."

"గూటి ముందు నిలబడితే?"

"కాపలా అని అర్థం. నక్కలు రావని అర్థం. తియ్యి బావా, నీ కాళ్ళు పట్టుకుంటా."

పెట్ట అప్పుడు నక్క మూతికేసి చూసింది. "నక్కలు రావనా? అయితే మావయ్య లేకపోతే వచ్చేదెవరండి, అన్నయ్యగారూ?"

గాడిద, "నా వంతింకా రాలేదు" అంటా వెనక్కి తిరిగి రెండు కాళ్ళూ ఎత్తింది. ఆ తన్నుకి నక్క గాల్లోకెగిరి ఏట్లో పడింది. సగం తోక మాత్రం గిట్ట కిందే ఉండిపోయింది. అవతలి గట్టు ఎక్కేదాకా ఎనక్కి చూస్తే ఒట్టు.

మూడ్రోజులైంది. ఏడు పిల్లలకి ఏడూ పంచాంగం మీదెక్కి కాళ్ళతో కెలికి చించేశాయి. దున్నపోతు గూటికి అడ్డంగా పడి గుర్రు పెడతంటే, పెట్ట దాని వీపు మీదెక్కి మకామంతటికీ ఇనపడేలా కూసింది. పెట్టలు కుయ్యవంటారా? ఆరోజు కూసింది.

అందుకే, కలకి అర్థం చెప్పేవాడి కడుపు నిండుందో లేదో ముందు చూసుకోవాలి.

అబద్ధమంటారా? ఏరు దాటి ఎళ్ళి చూడండి. సగం తోక నక్క కనపడితే నేను చెప్పింది నిజం. నిండు తోకతో కనపడితే అది వేరే నక్క. ఇప్పుడు తప్పని తేల్చండి, చూస్తా.