తిప్పక్క నోటి వేప

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని కాలంలో, నల్లరేగడి నేలల్లో ఒక ఊరుండేది. ఊఁ కొట్టండి మరి. ఊఁ కొట్టకపోతే కథ ఎక్కడికక్కడే పడుకుంటుంది, తర్వాత నన్ను అనొద్దు.

ఆ ఊరికి క్రోసు దూరంలో బోడిచేలు. అక్కడ కనుచూపు మేర ఒక్క చెట్టు లేదు. అందుకే ఆ పేరు. చెట్టు నీడ పడిన చోట పత్తి కాయదని రైతులు మొలిచిన మొక్కను మొలిచినట్టే పీకేసేవాళ్లు. ఎండాకాలం చేలో ఏం పనుంటుందిలే అనుకుంటున్నారా? పత్తికట్టె పీకాలి, గరిక తవ్వాలి, పెంట తోలి చల్లాలి. కూలివాళ్లు ఎండలోనే పని చేసి, ఎండలోనే రొట్టె తిని, ఎండలోనే నడుం వాల్చేవాళ్లు.

ఆ కూలివాళ్లలో తిప్పక్క ఒకతి. పొట్టి మనిషి, గట్టి మనిషి. మొగుడు ఓబులేసు, ఒక మేకపిల్ల, నీళ్లు తాగే ముంత ఒకటి. అంతే ఆమె సంసారం.

ఒక ఎండాకాలం గరిక తవ్వుతూ తవ్వుతూ ఓబులేసు పార వదిలేసి కూలబడ్డాడు. వడదెబ్బ! పడుకోబెడదామంటే నీడ ఏదీ? ఆడవాళ్లు నలుగురు చుట్టూ నిలబడి కొంగులు పట్టి నీడ చేశారు. ఆ కొంగుల కింద తిప్పక్క మొగుడి తల ఒళ్లో పెట్టుకొని, "ఒక్క చెట్టన్నా లేదే తల్లీ, ఒక్క చెట్టన్నా లేదే" అని ఏడ్చింది.

మూడు రోజులు ఓబులేసు కన్ను తెరవలేదు. ఆ మూడో రోజే సుంకులమ్మ జాతర.

ఆ ఊళ్లో మొక్కుకునే పద్ధతి ఒకటుంది. వేపరెబ్బ పళ్ల మధ్య కరిచి పట్టుకొని, అమ్మవారి ఘటం ముందు నిలబడి, ఊరంతా వినేట్టు మొక్కాలి. అమ్మోరికి బలిచ్చే మేకను వేట అంటారు కదా, ఉన్న ఒక్క మేకపిల్లనూ వేటగా ఇచ్చేద్దామని తిప్పక్క గుండె రాయి చేసుకొని వచ్చింది. రెబ్బ కరిచింది. చేతులు జోడించింది. నోట్లో రెబ్బ, గొంతులో ఏడుపు. సరిగ్గా అప్పుడే డప్పులు ఆగిపోయాయి.

"తల్లీ సుంకులమ్మా! నా మొగుడు లేచి కూర్చుంటే నీకు వేప ఇస్తా!" అంది.

వేట అనబోయి వేప అంది! ఊరంతా ఘొల్లున నవ్వింది. వేపచెట్టంటేనే అమ్మోరు. అమ్మోరికి వేప ఇవ్వడమేంది! బోడిచేల పెద్దరైతు చెన్నప్ప కండువాతో కళ్లు తుడుచుకుంటూ, "అమ్మదొంగా! మేకపిల్లను భలే మిగుల్చుకున్నావే!" అన్నాడు.

తిప్పక్క ముఖం కందగడ్డయింది. "కాదు, కాదు. వేట! వేట!" అని మొత్తుకుంది. పూజారి గిడ్డయ్య చెయ్యెత్తి, "నోట ఏం వచ్చిందో అదే మొక్కు తిప్పక్కా. మార్చేది లేదు" అన్నాడు.

నిజం చెప్పాలంటే, మేకపిల్ల బతికిందని తిప్పక్కకు లోపల ఎక్కడో రవ్వంత సంతోషం కలిగింది. ఆ సంతోషానికే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది.

మర్నాడు పొద్దున ఓబులేసు లేచి కూర్చొని అంబలి అడిగాడు. అతను తాగడం కళ్లారా చూసి, తిప్పక్క మేకపిల్లను లాక్కొని గిడ్డయ్య దగ్గరికి పరుగెత్తింది.

"తీసుకో సామీ."

"వేట నాకెందుకు? అమ్మ విన్నది వేప."

"అయితే రెబ్బ తెచ్చి కడతా."

"రెబ్బ ఇస్తానన్నావా, వేప ఇస్తానన్నావా? వేప అంటే చెట్టు. దాని నీడలో అమ్మ ఘటం దించాల. అంతవరకూ నీ మొక్కు తీరనట్టే."

మొక్కు తీరకపోతే ఓబులేసు మళ్లీ పడిపోతే? తిప్పక్క ఆలోచించింది. ఊళ్లో వేపలకేం తక్కువ? బోడిచేలోనే ఒక్కటీ లేదు. మొగుడు పడిన చోటే పెడతానని నిశ్చయించుకుంది.

మొదటిసారి జానెడు మొక్క తెచ్చి పాతింది. పాతి, చేతులు దులుపుకొని వెనక్కి తిరిగేలోపు, వెంట వచ్చిన మేకపిల్ల దాన్ని మొదలంటా మేసేసింది. ఆడవాళ్లు పొట్ట పట్టుకొని నవ్వారు. "వేట కావాల్సింది వేపను మేసిందమ్మోయ్! ఏం తిప్పక్కా, వేటా వేపా?"

తిప్పక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "నోట వచ్చింది వేప. వేపే ఇస్తా" అంది.

రెండోసారి మూరెడు మొక్క పాతింది. చెన్నప్ప ఎద్దులతో గుంటక తోలించి దాన్ని వేళ్లతో సహా లేపేశాడు. మళ్లీ నవ్వులు. "ఏం తిప్పక్కా, వేటా వేపా?"

"నోట వచ్చింది వేప. వేపే ఇస్తా" అని, ఈసారి నేరుగా చెన్నప్ప ముందే పోయి నిలబడింది.

"సామీ, చేలో వద్దులే. గట్టు మీద పెట్టుకుంటా."

"గట్టు మీద పెట్టినా నీడ పడేది నా చేలోనే కదా!"

"నీడ నీ చేలోనే సామీ. అందులో కూర్చునేది నీ కూలోళ్లే."

చెన్నప్ప చెయ్యి విసిరాడు. "పెట్టుకో పో! ఈ ఎండకు అదే చస్తుంది" అని గదమాయించాడు.

మూడోసారి గట్టు మీద పాతింది. చుట్టూ ముళ్లకంప కట్టింది. మేకపిల్లను ఇంట్లోనే కట్టేసి వచ్చింది. మరి నీళ్లు? వంకలో తవ్విన చెలమ కూడా ఎండిపోయే రోజులు. మధ్యాహ్నానికి మనిషికి ఒక్క ముంతే. తిప్పక్క ముంతెత్తి తాగుతుంది, తాగుతుంది, అడుగున రెండు గుక్కలుండగా ఆపేస్తుంది. ఆ నీళ్లు తెచ్చి మొక్క మొదట్లో పోస్తుంది.

"గొంతెండి చస్తుంటే దానికి పోస్తావేమే?" అని ఓబులేసు కసిరాడు.

"అడుగు నీళ్లేలే. అవి నావి కావు" అంది.

ఒక వేసవి గడిచింది. రెండో వేసవిలో వడగాలికి ఆకులన్నీ రాలాయి. అందరూ చచ్చిందన్నారు. తిప్పక్క కూర్చొని బెరడు గోటితో గీరి చూసింది. లోపల పచ్చ! ఆరోజు ముంతలో సగం నీళ్లు దానికే పోసింది.

మూడో వేసవికి అది మనిషెత్తు అయింది. ఒకనాటి మిట్టమధ్యాహ్నం చెన్నప్ప చేను చూడ్డానికి వచ్చి, ఎండకు తాళలేక, ఎవరూ చూడటం లేదనుకొని తలకాయ ఒక్కటి ఆ నీడలోకి దూర్చి నిలబడ్డాడు. తిప్పక్క చూడనే చూసింది. ఊరుకుంటుందా?

"ఏం సామీ, వేటా వేపా?" అంది.

చెన్నప్ప కండువా సర్దుకొని గబగబా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ గట్టు వైపు అతని గుంటక రాలేదు.

ఆరు వేసవులు అట్లా గడిచాయి. నీడ చాప పరిచినంత అయింది. ఘటం చుట్టూ డప్పులవాళ్లు, పూజారి నిలబడాలంటే ఇంకా కొంచెం చాలదు. ఆ వానాకాలం తిప్పక్కకు జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం దిగలేదు. ఓబులేసు చెయ్యి పట్టుకొని, "అడుగు నీళ్లు మర్చిపోవద్దు" అంది. అంతే. తిప్పక్క పోయింది.

ఓబులేసు మర్చిపోలేదు. తాగేవాడు, ఆపేవాడు, పోసేవాడు. ఒంటరిగా ఆ చెట్టు కింద కూర్చొని ఏడ్చేవాడు కూడా.

మళ్లీ జాతర వచ్చింది. చెన్నప్పే గిడ్డయ్య ఇంటికి పోయి, "అయ్యా, ఈ తడవ అమ్మను బోడిచేలకు తీసుకురావాల" అన్నాడు. ఏనాడూ పొలిమేర దాటని ఘటం క్రోసు దూరం నడిచింది. ఊరంతా వెంట నడిచింది. గిడ్డయ్య గట్టు మీద ఘటం దించాడు. నీడ ఘటాన్ని కప్పింది, డప్పులవాళ్లను కప్పింది, ఓబులేసునూ కప్పింది. డప్పులు ఆగాయి.

గిడ్డయ్య తలెత్తి కొమ్మల్లోకి చూస్తూ గట్టిగా అడిగాడు. "తిప్పక్కా! వేటా, వేపా?"

ఓబులేసు చెట్టు మొదలు మీద చెయ్యి వేశాడు. అప్పుడు, ఆనాడు కొంగులు పట్టి నీడ చేసిన ఆడవాళ్లు, పొట్ట పట్టుకొని నవ్విన ఆ ఆడవాళ్లే, ఒక్కసారిగా అన్నారు.

"వేపే!"

ఊరంతా అందుకుంది. "వేపే! వేపే!"

ఇప్పుడు మీరు పోయి చూడండి, బోడిచేలు పేరుకే బోడి. గట్టు గట్టుకీ ఒక వేప. అక్కడ మొక్కుకోవడానికి ఎవరు వచ్చినా పూజారి ముందు ఇదే అడుగుతాడు, "వేటా, వేపా?" అని. వేపే అనేవాళ్లే ఎక్కువ. అన్న మాట మీద మొండిగా నిలబడిన మనిషిని చూస్తే, "ఆమెది తిప్పక్క నోరు" అంటారు. చేలో నీళ్లు తాగే పిల్లలను తల్లులు ఇప్పటికీ కేకేస్తారు. "ఒరేయ్, అడుగు నీళ్లు తాగొద్దు. అవి తిప్పక్కవి!"

ఆ మేకపిల్ల సంగతా? ముసలిదయ్యేదాకా బతికి ఆ నీడలోనే నెమరేసింది, దొంగముండ.

అన్ని కథలూ కంచికి పోతాయంటారు. ఇది పోలేదు, బోడిచేలో నీడకు కూర్చుంది. ఊఁ కొట్టింది చాలు గాని, ఆ ముంత ఇట్లా ఇవ్వండి, గొంతెండిపోయింది. భయపడొద్దు. అడుగు నీళ్లు వదులుతాలే.