దొందు పట్టిన పట్టు

ఒకప్పుడు దొందు చేపకు పొట్ట కింద రెండు రెక్కలు విడివిడిగా ఉండేవి. బొటనవేలంత చేప, పైగా గుండు తల. అయినా ఆ రెక్కలు ఆడిస్తూ సముద్రమంతా తనదే అన్నట్టు తిరిగేది.

భీమిలి రాళ్ళ దగ్గర చేపలకు అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద పోటు వస్తోందని పీత డెక్కలు టకటకలాడించగానే, అందరూ రాళ్ళు వదిలి లోతుకు వెళ్ళిపోవాలి. పోటు తగ్గాకే తిరిగి రావాలి.

ఒకరోజు పీత డెక్కలు టకటకలాడించింది. చేపలన్నీ బిలబిలమంటూ కదిలాయి. దొందు మాత్రం కదల్లేదు. ఎలా కదులుతుంది? రాతి అడుగున వాళ్ళావిడ గుడ్లు అతికించి వెళ్ళింది. దొందుల్లో గుడ్లకు కాపలా ఉండడం నాన్న పని. గుడ్లకేమో ఈత రాదు!

"ఏటి దొందూ, ఇంకా ఇక్కడే ఉన్నావేటి? ఎల్లు!" అని పీత కసిరింది.

"నానెల్లను మావా. నానెల్తే గుడ్లకాడ ఎవులుంటారు? ఇసక కప్పేస్తే సచ్చిపోవా?"

"నాకు డెక్కలున్నాయి. నత్తకి జిగురుంది. నీకేటుంది? దేంతో పట్టుకుంటావు?"

"ఏదో ఒకటి దొరుకుతాదిలే!" అంది దొందు ధీమాగా.

అంతలో కెరటం రానే వచ్చింది. "తప్పుకోరా బుడ్డోడా!" అని అరిచింది.

"తప్పుకోనప్పా! సముద్రమంతా నీదే. నా పిల్లలున్న రాయి మాత్రం నాది."

కెరటానికి ఒళ్ళు మండింది. ఫెళ్ళున కొట్టింది. దొందు పల్టీలు కొడుతూ ఎక్కడో పడింది. పడిన చోట ఏడుస్తూ కూర్చోలేదు. ఈదుకుంటూ వచ్చి గుడ్ల మీద పడిన ఇసుకను తోకతో ఊడ్చేసింది.

రెండో కెరటం ఇంకా పెద్దది. దాన్ని చూసి దొందుకు నిజంగానే భయమేసింది. పొట్ట కింది రెక్కలు రెండూ దోసిలిలా కలిపి, రాతి మీద బోర్లించి గట్టిగా నొక్కింది. రెక్కలు రాతికి అతుక్కుపోయాయి. కెరటం గుంజింది, ఈడ్చింది, నోటికొచ్చినట్టు తిట్టింది. దొందు ఊడి రాలేదు!

పోటు తగ్గింది. గుడ్లు పగిలి, నలుసుల్లాంటి పిల్లలు బయటికొచ్చాయి. వాటిని చూడగానే కెరటం కోపమంతా కరిగిపోయింది. లోకం చూపిస్తానంటూ వీపు మీద ఎక్కించుకుంది. దొందుకు దిగులేసింది. అయినా వెళ్ళిరమ్మని తోక ఊపింది.

"పిల్లలొచ్చేస్తన్నారు కదా నాతో. ఇంకా ఆ రాయినెందుకు పట్టుకున్నావు? రెక్కలిప్పు" అంది కెరటం.

"ఇప్పనప్పా. పెద్దోలయ్యి తిరిగొస్తే, ఆల్ల నాన్న ఏ రాయికాడ ఉన్నాడో ఎలా తెలుస్తాది?"

అప్పటినుంచే దొందు చేప పొట్ట కింది రెక్కలు ఒక్కటై చిన్న గిన్నెలా మారాయి. ఎంత కెరటం కొట్టినా సరే, ఈనాటికీ అది తన రాయిని వదలదు.