ఆరని నేల

గుగ్గిలంకోన అనే అడవిలో ఉడుతలు, గోరింకలు, కుందేళ్లు, నెమళ్లు కలిసిమెలిసి ఉండేవి. గాలి వీస్తే చాలు, అడవంతా గుగ్గిలం వాసన. ఆ వాసన పీల్చి పీల్చి అక్కడి వాళ్లకి కొంచెం కలలెక్కువ అనేవారు. అందరిలోకీ కలలెక్కువ తురాయి అనే ఉడుతకి.

తురాయి ఇల్లు ఓ ముసలి మద్దిచెట్టు తొర్ర. వాళ్లమ్మ పోతూ పోతూ ఇద్దరు కూతుళ్లకీ వదిలిన ఇల్లది. నేలంతా నున్నటి చెక్క. ఒకప్పుడు తేనెరంగులో మెరిసేదట. గోళ్లు గీరి, వానకి తడిసి, ఇప్పుడు బూడిదరంగుకి తిరిగింది.

తురాయి అక్క పొన్న ఏటి అవతల కాపురం ఉంటోంది. తొలిచూలు. "పున్నమికి పురిటికి వస్తున్నా చెల్లీ. అమ్మ లేదు కదా, ఇక నువ్వే నాకు అమ్మవి" అని కబురు పంపింది.

ఆ మాటకి తురాయి ఒళ్లు పులకరించింది. "అక్క గుమ్మంలో అడుగుపెట్టేసరికి నేల అద్దంలా ఉండాలి. పిల్లలు కళ్లు తెరవగానే అందులో చందమామ కనబడాలి" అనుకుంది.

కింది తొర్రలో గోరింక పిన్ని ఉండేది. ఆవిడ ఇంటి నేల కూడా అలాంటిదే. నెలవంక కనబడగానే ఆవిడ పనిలోకి దిగింది. గరుకాకుతో పాత మురికి రుద్దింది. పొట్టు ఊడ్చింది. ఇప్పనూనెలో గుగ్గిలం కరిగించి ఒక పూత పూసింది. పూసి, బయటికొచ్చి కొమ్మ మీద కూర్చుంది. మర్నాడూ అక్కడే కూర్చుంది.

"ఏం పిన్నీ, పని మానేశావా?" అంది తురాయి.

"మానలేదే పిల్లా, ఆరబెడుతున్నా. ఇది ఆరాక మళ్లీ రుద్దాలి, మళ్లీ పుయ్యాలి, మళ్లీ ఇలాగే కూర్చోవాలి. మరి నువ్వెప్పుడు మొదలెడతావ్?"

"నాకేం తొందర! ఒక్క పూటలో రుద్దేస్తా, ఒక్క పూటలో పూసేస్తా. ముందే పూస్తే అక్క వచ్చేసరికి మెరుపు మాసిపోదూ?"

"నీ చెయ్యి చురుకే తల్లీ. నూనెకి చెయ్యి లేదుగా! అది దాని తీరికలో అది ఆరుతుంది."

తురాయి కిలకిలా నవ్వి చిటారుకొమ్మకి పోయింది. ఇప్పపూలు దండ గుచ్చుతూ, పుట్టబోయే పిల్లలకి పేర్లు వెతుకుతూ కూర్చుంది. చందమామ సగమయ్యాడు. ముప్పాతికయ్యాడు.

పున్నమి ముందురోజు గబగబా నేల రుద్దేసింది. నిజంగానే ఆమె చెయ్యి చురుకే. పున్నమినాడు పొద్దున్నే పూతకి దిగింది. "అక్క ముందు చూసేది గుమ్మమే కదా" అని గుమ్మం దగ్గరే మొదలుపెట్టింది. కూనిరాగం తీస్తూ వెనక్కి వెనక్కి జరిగింది. మిగిలింది పారెయ్యడమెందుకని గోడలకీ పూసేసింది. తీరా తలెత్తి చూస్తే గుమ్మం ఆ చివర, తను ఈ మూల. మధ్యలో అంతా తడి. పైన ఆకాశం మబ్బు పట్టింది.

అప్పుడే గుమ్మంలో పొన్న కనబడింది.

"అబ్బ, ఎంత బాగుందే!" అంటూ కాలు పెట్టబోయింది.

"ఆగక్కా, ఆరలేదు!"

"ఎంతసేపటికి ఆరుతుందే?"

తురాయి ఆ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు.

పొన్న గుమ్మం పట్టుకుని వంగిపోయింది. "చెల్లీ, నొప్పులొస్తున్నాయే..."

గోరింక పిన్ని రివ్వున ఎగిరొచ్చింది. "రా తల్లీ, మా ఇంటికి రా. నేల ఆరి గట్టిపడింది. గడ్డి కూడా పరిచి ఉంచా" అని నెమ్మదిగా కిందికి నడిపించింది.

కింది నుంచి అక్క మూలుగు వినబడింది. "తురాయీ, ఎక్కడున్నావే?"

ఇక తురాయి ఆగలేదు. తడి నేల మీదే పరుగెత్తింది. అడుగడుక్కీ కాళ్లు అతుక్కున్నాయి. సగం దూరంలో తోక అతుక్కుపోయింది. పీకింది. ఊడి రాలేదు. అంతలో కింద కీచుమని పసిగొంతు. ఆ వెనకే ఇంకొకటి. తురాయి కళ్లు మూసుకుని ఒక్క గుంజు గుంజింది. తోక వచ్చింది. బొచ్చు సగం నేలకే ఉండిపోయింది.

తను వెళ్లేసరికి పిల్లలు పుట్టేశారు. అక్క చెయ్యి పిన్ని రెక్కలో ఉంది.

"రావే, ఎత్తుకో" అంది పొన్న.

తురాయి చేతులు చాచి మళ్లీ వెనక్కి తీసుకుంది. "జిగటగా ఉన్నాయక్కా. పిల్లలకి అంటుకుంటుంది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మలా ఉండమన్నావు. నేను మెరుపు గురించే ఆలోచించాను గానీ నీ గురించి ఆలోచించలేదు."

"పిచ్చిదానా, నాకోసం తోక బొచ్చు పోగొట్టుకున్నావు కదే!" అంది పొన్న.

పిన్ని ఎగతాళి చెయ్యలేదు. "ఏడవకు. నా పక్కన కూర్చుని ఆరబెట్టుకో" అని కొమ్మ మీద చోటిచ్చింది. తురాయి చేతులు రెండూ గాలికి చాచి, కదలకుండా కూర్చుంది. ఊరికే కూర్చోవడం అంత కష్టమైన పనని ఆమెకి అప్పుడే తెలిసింది.

బారసాలనాడు పిల్లలకి పేర్లు పెట్టే గౌరవం గోరింక పిన్నికే దక్కింది. తురాయి వెతికి ఉంచుకున్న పేర్లలోంచే ఒకటి ఆవిడ చిన్నపిల్లకి పెట్టింది.

పై ఇంటి నేల కూడా చివరికి ఆరింది. దాని మీద గుమ్మం దాకా పరుగెత్తిన అడుగులు అలాగే ఉండిపోయాయి. తురాయి వాటిని చెరపలేదు.

నీతి: చెయ్యి ఆడినంతసేపే పని కాదు, అది ఆరి కుదురుకునే కాలం కూడా పనే, ఆ కాలాన్ని ముందే లెక్కలో వేసుకున్నవాడే వేళకి అక్కరకొస్తాడు.