జటిలుడి ఇంటి పద్ధతి

అనగనగా కుందనపురాన్ని ఏలే ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, కత్తి పడితే ఎదురు లేదు. రెండోవాడు మణికేతు, మాట అందుకుంటే తిరుగు లేదు. మూడోవాడు పుష్పకేతు. అతనికి అన్నిటికీ బెంగే. ఏట్లో దిగాలంటే లోతెంతో అడిగేవాడు. గుర్రం ఎక్కాలంటే పొద్దున్న అది సరిగ్గా మేసిందో లేదో అడిగేవాడు. అన్నలతో పులిజూదం ఆడాలన్నా నియమాలన్నీ మొదటి నుంచీ చెప్పమని ప్రాణాలు తోడేవాడు. "వీడితో ఆట మొదలయ్యేసరికి పొద్దుగూకుతుంది" అని అన్నలు నవ్వేవాళ్లు.

ఏడు సముద్రాల అవతల దీవిలో జటిలుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు పొరుగు రాజు కూతురు హేమలేఖను ఎత్తుకుపోయి, తనతో ఆడించి, ఓడించి, తన దగ్గరే ఉంచేసుకున్నాడు. "నన్ను ఆటలో గెలిచినవాడు ఆ పిల్లను తీసుకుపోవచ్చు" అని లోకమంతా చాటించాడు.

జయకేతు వెళ్లాడు. తిరిగి రాలేదు. మణికేతు వెళ్లాడు. తిరిగి రాలేదు. రాణి వీధి వాకిలి వైపు చూస్తూ అన్నం మానేసింది. పుష్పకేతుకి వెళ్లాలంటే భయం, వెళ్లకుండా ఉండాలంటే అంతకన్నా భయం. మూడు రోజులు తిరిగిన చోటే తిరిగి, నాలుగో రోజు తల్లి కాళ్లకు దణ్ణం పెట్టి బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. కరుస్తుందేమోనని పుష్పకేతు దూరం నుంచే చూశాడు. ముందుకి నడిచాడు. ఎండకి చచ్చిపోతుందేమోనని బెంగపడి వెనక్కి వచ్చాడు. కళ్లు మూసుకుని దాన్ని బోర్లా తిప్పాడు.

"చల్లగా ఉండు నాయనా, ఎక్కడికి ప్రయాణం?" అంది తాబేలు.

సంగతి విని తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు సముద్రాలు దాటింది, మూడు సముద్రాలు దాటింది. అలలు లేచినప్పుడల్లా పుష్పకేతు దాని డిప్పను గట్టిగా పట్టుకుని, "ఇంకెంత దూరం తాతా?" అని అడుగుతూనే ఉన్నాడు. తాబేలు విసుక్కోకుండా చెబుతూనే ఉంది.

ఏడో సముద్రంలో అది ఇలా అంది: "విను నాయనా. జటిలుడి ప్రాణం వాడి చిలకలో ఉంది. పరాయివాడు దాన్ని ముట్టుకుంటే బూడిదైపోతాడు. వాడి ఆట నియమాలన్నీ ఆ చిలక గుర్తుపెట్టుకుంటుంది. అది అబద్ధం చెప్పదు, అడిగినదానికి చెప్పకుండా ఉండలేదు. అక్కడ ఎవరూ గవ్వల వల్ల ఓడిపోలేదు. నియమాల వల్లే ఓడిపోయారు."

దీవి ఒడ్డున దిగి పుష్పకేతు మాంత్రికుడి ఇంటి వైపు నడిచాడు.

జటిలుడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. జడలు నేల మీద ఈడ్చుకుంటున్నాయి. నవ్వు మాత్రం మేనమామ నవ్వులా ఉంది. లోపల పెద్ద చెక్క పలక. దాని మీద అడవి, నది, కోట చెక్కి ఉన్నాయి. అడవిలో అక్కడక్కడా బొమ్మలు నిలబెట్టి ఉన్నాయి. పుష్పకేతు వంగి చూశాడు. ఒక బొమ్మది జయకేతు మొహం. ఇంకో బొమ్మది మణికేతు మొహం. కోట వాకిట్లో ముక్కుపుడక పెట్టుకున్న ఆడపిల్ల బొమ్మ. ఒళ్లంతా కొయ్యే, కళ్లు మాత్రం కదులుతున్నాయి.

పుష్పకేతు గుమ్మం వైపు రెండడుగులు వెనక్కి వేశాడు.

"కూర్చో అబ్బాయ్, భయమెందుకు?" అన్నాడు జటిలుడు. "చాలా తేలికైన ఆట. నువ్వొక బాటసారివనుకో. ఈ అడవిలో నడుస్తున్నావు. ఏం చేస్తావో నోటితో చెప్పు, గవ్వలు వెయ్యి. ఏం జరిగిందో నేను చెబుతాను. కోట చేరితే గెలిచినట్టు. మా ఇంటి పద్ధతిలో ఆడదాం, సరేనా?"

"మీ ఇంటి పద్ధతి అంటే?"

"ఆడుతూ ఉంటే అదే తెలుస్తుంది."

అన్నల కళ్లు తనకేసే చూస్తున్నాయి. ఇంకా అడిగితే ఆటే లేదంటాడేమోనని, పుష్పకేతు "సరే" అన్నాడు.

మొదట నది అడ్డొచ్చింది. "ఈదుతాను" అని గవ్వలు వేశాడు. అన్నీ వెల్లకిలా పడ్డాయి. మంచి పందెమే. జటిలుడు మూలన వేలాడుతున్న చిలక పంజరం వైపు తిరిగాడు. "నదిలో ఎడమ కాలు ముందు పెడుతున్నానని చెప్పాలి, చెప్పనివాడు మోకాళ్ల దాకా కొయ్య" అంది చిలక. పుష్పకేతు కాళ్లు బిగుసుకుపోయాయి. చూసుకుంటే కొయ్య.

తరవాత పులి ఎదురైంది. ఈసారి అతను జాగ్రత్తపడ్డాడు. "ఎడమ కాలు ముందు పెట్టి చెట్టెక్కుతాను" అన్నాడు. గవ్వలు మళ్లీ బాగానే పడ్డాయి. "ఎక్కే చెట్టు పేరు చెప్పాలి, చెప్పనివాడు నడుం దాకా కొయ్య" అంది చిలక.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు పుష్పకేతు.

"మా ఇంటి పద్ధతి ఇంతే" అన్నాడు జటిలుడు, నవ్వుతూ.

మూడోసారి కోట తలుపు. పుష్పకేతు ఈసారి ఏదీ వదలదలుచుకోలేదు. ఏ కాలో చెప్పాడు, ఏ చెయ్యో చెప్పాడు, తలుపు ఏ చెక్కదో చెప్పాడు, ఎన్నిసార్లు తడతాడో చెప్పాడు. చెప్పేకొద్దీ ఇంకేదో మరిచిపోయానన్న భయమే పెరిగింది. గవ్వలు వేశాడు. "తలుపు తట్టేముందు దగ్గాలి, దగ్గనివాడు మెడ దాకా కొయ్య" అంది చిలక.

ఇక నోరొక్కటే మిగిలింది. ఇంకొక్క తప్పు జరిగితే అదీ ఉండదు. ఎన్ని నియమాలున్నాయో తెలియదు. అంత భయంలోనూ అతనికి ఒక్కటి తట్టింది. ఇప్పటిదాకా తను అడిగిందంతా తనని పట్టుకున్న నియమం గురించే. అన్నలూ అంతే అడిగి ఉంటారు.

"చిలకమ్మా, ఈ ఆటకి మొట్టమొదటి నియమం ఏమిటి?" అన్నాడు.

జటిలుడి నవ్వు ఆగింది. "అది పాతది. ఇప్పుడు పనికిరాదు. ఏం చేస్తావో చెప్పు, గవ్వలు నేను వేస్తాను."

"నాకు మొదటి నుంచీ వింటే గాని బోధపడదు. చెప్పమ్మా."

చిలక నోరు తెరిచింది. జటిలుడు పంజరంలో చెయ్యి పెట్టి దాని ముక్కు నొక్కిపట్టాడు. పట్టినవాడు పట్టినట్టే ఉక్కిరిబిక్కిరయ్యాడు. చిలకకి ఊపిరి ఆడకపోతే వాడికీ ఆడదు మరి. మొహం నల్లబడింది, కళ్లు తేలేశాడు. చివరికి చెయ్యి వదిలేశాడు. పంజరం తలుపు ఊగుతూ ఉండిపోయింది.

చిలక మెల్లగా అంది: "ఆటలో ఉన్నవాళ్లందరూ ఒప్పుకున్నదే నియమం. ఎవరు ఎప్పుడు కాదన్నా అది చెల్లదు."

తన మాటకి విలువుంటుందో లేదో పుష్పకేతుకి తెలియదు. అయినా అన్నాడు, "నేను మీ ఇంటి పద్ధతికి ఒప్పుకోను. మీరంతా ఒప్పుకుంటారా?"

అతను కాదనగానే కొయ్య పట్టు సడలి, పలక మీద ముందు ముక్కుపుడక బొమ్మ పెదవులు కదిలాయి. "నేను ఒప్పుకోను" అంది హేమలేఖ.

"నేనూ ఒప్పుకోను" అన్నాడు జయకేతు. "నేనూ" అన్నాడు మణికేతు. అడవిలో ప్రతి బొమ్మా అదే మాట అంది.

ఒక్కొక్క నియమమూ చెల్లకుండా పోతుంటే చిలక ఒళ్లు తేలికపడింది. రెక్కలు విదిలించి, తెరిచిన తలుపులోంచి ఎగిరి, కిటికీ దాటి సముద్రం మీదికి వెళ్లిపోయింది. అది ఎంత దూరం పోతే జటిలుడు అంత సన్నబడ్డాడు. చిలక కనుచూపు దాటేసరికి వాడు కూర్చున్న చాప మీద ఒక జడ మిగిలింది, అంతే.

కొయ్య కరిగి కాళ్లూ చేతులూ వచ్చాయి. బొమ్మలన్నీ మనుషులై లేచారు. జయకేతు తమ్ముణ్ణి కౌగిలించుకుని ఏడ్చాడు. అందరినీ ఒడ్డుకి చేర్చడానికి తాబేలు తన చుట్టాలందరినీ పిలుచుకొచ్చింది.

కుందనపురంలో రాణి ముగ్గురు కొడుకులకీ తన చేత్తో అన్నం కలిపి పెట్టి, తనూ తిన్నది. జయకేతు సేనను, మణికేతు రాయబారాన్ని కోరుకుని, సింహాసనం తమ్ముడిదే అన్నారు. పుష్పకేతుకీ హేమలేఖకీ ఊరంతా పందిళ్లు వేసి పెళ్లి చేశారు.

పెళ్లయిన సాయంత్రం హేమలేఖ అడిగింది, "మరి మన ఇంటి పద్ధతి ఏమిటి?"

పుష్పకేతు ఆమె పక్కన కూర్చున్నాడు. "నాకు భయం వేస్తే నీతో చెబుతాను. నువ్వు నవ్వకూడదు."

"ఒప్పుకున్నాను" అంది హేమలేఖ. "నాకూ వేస్తుంది. నేనూ చెబుతాను."

"ఒప్పుకున్నాను" అన్నాడతను.

జుట్టు నెరిసేదాకా వాళ్లు రాజ్యం ఏలారు. ఆ ఇంట్లో రెండో నియమం అవసరమే పడలేదు.